కూనూరు బంగళాలో పగిలిన ఫైర్‌ప్లేస్: ఒక రిపేరు కేసు

అక్టోబరు చివర్లో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రిటైరయ్యాక హైదరాబాదు వదిలి, కూనూరులో బ్రిటిష్ కాలపు బంగళా ఒకటి కొనుక్కుని ఉంటున్నారు. "ఫైర్‌ప్లేస్‌లో చిన్న బీట పడిందండీ. సిమెంటు పెట్టి పూడ్చే మేస్త్రిని ఒకణ్ణి పంపండి, అరపూట పని" అన్నారు. ఆ అరపూట పని ఏడు వారాలు పట్టింది. అందులో మొదటి తప్పు నాదే. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

నేను చిత్తూరు జిల్లావాణ్ణి. సివిల్ చదివి, ఉద్యోగం కోసం నీలగిరులకొచ్చి ఇక్కడే ఉండిపోయాను. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి పాత బంగళాల రిపేర్లు పట్టుకున్నాను. ఊటీలో అప్పటి కలెక్టరు సల్లివాన్ దొర స్టోన్ హౌస్ అనే బంగళా కట్టించడం మొదలుపెట్టింది 1822లో. తర్వాత వందేళ్ళలో ఊటీ, కూనూరు, కోత్తగిరి కొండల మీద లేచిన బంగళాల్లో ఫైర్‌ప్లేస్ లేనిది అరుదు. వాటిలో చాలావాటికి గోడలు మట్టి అడుసుతో కట్టిన ఇటుకవి, పైన సున్నపు పూత. చూడ్డానికి కోటలా ఉంటుంది. గోరు పెట్టి గీరితే మట్టి రాలుతుంది.

మొదటి రోజు వెళ్ళి చూస్తే హాల్లో ఫైర్‌ప్లేస్ నోరు 36 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. మంట పెట్టే గూడు లోపల వెనక గోడకు ఎవరో ఇదివరకే సిమెంటు ప్లాస్టరింగు చేసి నల్లరంగు కొట్టారు. దాని మీద కుడి మూల నుంచి పైకి పాకిన బీట, నా చిటికెన వేలు దూరేంత. నేల మీద కడపరాయి పలక పరిచారు, అది పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. పైన నోటికి ఆధారంగా పెట్టిన ఇనుప పట్టీ తుప్పు పట్టి ఉబ్బి, మీద ఉన్న రెండు వరసల ఇటుకల్ని ఎత్తేసింది. ఇనుము తుప్పు పడితే అసలు కన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. ఇటుకలకు అది తట్టుకునే శక్తి లేదు.

నాలుగు కాగితాలు వెలిగించి చూశాను. పొగ బాగానే పైకి లాగింది. మొబైల్ టార్చ్ వేసి, గూడు పైన పొగ ఎక్కే సన్నటి గొంతులోకి తొంగిచూశాను, మసి తప్ప ఏమీ కనపడలేదు. గూడు విప్పి ఫైర్‌బ్రిక్‌తో, అంటే మంట వేడిని తట్టుకునే ఇటుకతో, మళ్ళీ కట్టాలి, ఆరు రోజుల పని అని చెప్పి ఎస్టిమేటు కాగితం రాసిచ్చేశాను. అదే నా తప్పు.

గేటు దాకా సాగనంపడానికి వచ్చిన ఇంటావిడ, "ఏమీ అనుకోకు బాబూ, దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు కానీ, పక్కగదిలో బీరువా తీస్తే నా చీరలు కట్టెల పొయ్యి దగ్గర ఆరేసినట్టు కంపు కొడుతున్నాయి" అన్నారు. చీరల బీరువా ఉన్న గోడ ఎటువైపుదో కనుక్కుందామని మళ్ళీ లోపలికి నడిచాను. అది సరిగ్గా పొగగొట్టం వెనక గోడ. బీరువా జరిపితే సున్నం మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరక, తలకన్నా ఎత్తు నుంచి కప్పు దాకా. ముట్టుకుంటే జిగట. వానకు గోడ చెమ్మెక్కిన మరకైతే ఉప్పు పూస్తుంది, ఇలా జిగటగా ఉండదు. ఇది పొగలోని తారు. ఇటుకల సందుల్లోంచి ఊరి బయటికొచ్చింది.

"మీకు పొద్దున్నే తలనొప్పి ఏమైనా వస్తోందా అమ్మా?" అని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "కొండ ఎత్తు పడట్లేదనుకున్నాం, తిరిగి హైదరాబాదు వెళ్ళిపోదామా అని కూడా మాట్లాడుకున్నాం" అన్నారాయన. కూనూరు 1,850 మీటర్ల ఎత్తు, ఆ ఎత్తుకి రోజూ తలనొప్పి రాదు. చలిమంట వేసిన రాత్రుల తర్వాతే వస్తోందని లెక్కేసుకుంటే తేలింది. పొగకైనా వాసన ఉంటుంది, దాంతోపాటు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదన్న వార్తలు కొండ ఊళ్ళలో చలికాలం వింటూనే ఉంటాం. నేనిచ్చిన కాగితం వెనక్కి తీసుకుని, అసలు సంగతి తేలేదాకా అగ్గిపుల్ల కూడా గీయొద్దని చెప్పి వచ్చాను.

సాంబ్రాణి పరీక్ష

మొదటిరోజు నేను చేసిన పరీక్ష అర్థంలేనిది. పైన దారి తెరిచి ఉన్నప్పుడు పొగ ఎలాగూ పైకే పోతుంది. మధ్యలో ఎన్ని చిల్లులున్నా తెలియదు. పైన మూసి, కింద పొగబెట్టి, అది ఎక్కడ తేలుతుందో చూడాలి. విదేశాల్లో దీనికి పొగబిళ్ళలు దొరుకుతాయి. నేను తడి గోనెసంచులు పొగగొట్టం మూతికి కట్టించి, కింద ఇనుప బాణలిలో పచ్చి యూకలిప్టస్ ఆకు వేసి పొగబెడతాను, మీద గుప్పెడు సాంబ్రాణి. అటక చీకట్లో పొగ కంటికి ఆనకపోయినా సాంబ్రాణి ముక్కుకు తెలుస్తుంది. ఫైర్‌ప్లేస్ నోటికి తడి దుప్పటి కట్టి, కిటికీలన్నీ తెరిచి, ఇంటివాళ్ళను బయట కూర్చోబెట్టి మొదలుపెట్టాం.

ఐదు నిమిషాలు కాలేదు, బీరువా గదిలో స్విచ్‌బోర్డు వెనక నుంచి పొగ. అటకలో నా మేస్త్రి గట్టిగా దగ్గుతూ పిలిచాడు. కప్పు దూలం గోడలోకి దూరిన చోట, దూలం చుట్టూ గుండ్రంగా సాంబ్రాణి ధూపం లేస్తోంది. టేకు దూలం అది. దాని తల పొగగొట్టం గోడలోకి చొచ్చుకుపోయి ఉంది. దూలానికీ లోపలి పొగకూ మధ్య ఉన్నది ఒకే వరస ఇటుక, నాలుగున్నర అంగుళాలు.

ఉలితో నాలుగు ఇటుకలు ఊడదీశాం. దూలం కొస ఏడంగుళాల మేర బొగ్గయి ఉంది. మంట అంటుకుని కాలింది కాదు, ఏళ్ళ తరబడి సన్నసెగకు మాడినది. ఇలా మాడిన కర్ర మామూలు కర్ర కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. అది రాజుకునేది అర్ధరాత్రి, కప్పు లోపల, అందరూ నిద్రలో ఉన్నప్పుడు. మేస్త్రి ఆ బొగ్గును చేత్తో నలిపి, ఏమీ మాట్లాడకుండా నాకు చూపించాడు. పెద్దాయన్ను నిచ్చెనెక్కించి చూపించాను. "అరపూట పని" అన్న మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

మర్నాడు చిన్న కెమెరాను వెదురుకు కట్టి పైనుంచి దింపితే మిగతా కథ కూడా తెలిసింది. పొగగొట్టం లోపల 9 అంగుళాలకు 14 అంగుళాల దీర్ఘచతురస్రపు దారి. ఒకప్పుడు పూసిన సున్నం ముప్పాతిక భాగం రాలిపోయింది. మిగిలినచోట క్రియోసోట్, అంటే పేరుకున్న పొగ తారు, నల్లగాజులా గట్టిపడి మెరుస్తోంది. పొడి మసి బ్రష్షుకు వస్తుంది, పెచ్చులు గీకితే వస్తాయి, ఈ గాజురకం దేనికీ లొంగదు. ఒకసారి ఇది అంటుకుందంటే గొట్టంలో వెయ్యి డిగ్రీలు దాటుతుంది. సున్నం రాలిన సందుల్లోంచి ఆ మంట నేరుగా దూలాన్నే అందుకుంటుంది.

ఎందుకిలా అయింది

కారణం ఒకటి కాదు, అన్నీ ఒకదాన్నొకటి ఎగదోసుకున్నవే. పైన మూతి చుట్టూ వేసిన గచ్చు పగిలి, నైరుతి వాన కొంత, ఈశాన్య వాన మరింత లోపలికి దిగింది. కూనూరును గట్టిగా తడిపేది అక్టోబరు, నవంబరు వానలే. తడి మసి ఆమ్లంలా పనిచేసి సున్నాన్ని తినేసింది.

ఇంతకు ముందున్న ఓనరు పొగగొట్టానికి ఆరడుగుల దూరంలో, దానికన్నా ఎత్తులో, నీళ్ళ ట్యాంకు కట్టించాడు. పొగగొట్టం మూతి, పది అడుగుల లోపల ఉన్న దేనికన్నా కనీసం రెండడుగులు ఎత్తుగా ఉండాలి, కప్పులోంచి బయటపడ్డ చోటు నుంచి మూడడుగులు లేవాలి. లేకపోతే గాలి ఆ అడ్డానికి కొట్టుకుని తిరగబడి పొగను కిందికి తోస్తుంది. దీనికి తోడు వీళ్ళు వచ్చాక పాత కిటికీలు తీసి గాలి చొరని యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించారు. మంటకు గాలి కావాలి, గదిలోకి వచ్చే దారే లేదు. పొగ నెమ్మదిగా, చల్లగా ఎక్కుతుంది, చల్లబడ్డ పొగే క్రియోసోట్‌గా పేరుకుంటుంది. కట్టెలేమో గేటు దగ్గర అమ్మొచ్చిన పచ్చి యూకలిప్టస్. తేమ చూసే మీటరు గుచ్చితే 34 శాతం చూపించింది, 20కి లోపు ఉండాలి.

ఇక ఆ సిమెంటు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ మొదట తట్టే ఆలోచన ఇదే. సిమెంటు గట్టిపడేటప్పుడు అందులో కాల్షియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. 400 డిగ్రీలు దాటాక అది నీటిని వదిలేసి పొడి సున్నమవుతుంది. మంట ఆరి, వానాకాలపు తేమ తగిలాక ఆ సున్నం మళ్ళీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, పూత పగులుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. కట్టెల నిప్పుల దగ్గర 600 దాటడం మామూలే. అంటే సిమెంటు పెట్టి పూడ్చిన బీట ఒక చలికాలం ఉంటే గొప్ప. పైగా నల్లరంగు కొట్టేసరికి వెనక బీట పెరుగుతున్న సంగతి ఎవరికీ కనపడలేదు. పైన పటారం, లోన లొటారం.

కడపరాయి సంగతీ అంతే. మా వైపు రాయి కాబట్టి దాని మీద నాకు అభిమానమే. వంటింటి గట్టుకు దాన్ని మించింది లేదు. కానీ అది పొరల సున్నపురాయి. మంట కింద పెడితే పొరల మధ్య తేమ ఆవిరై పలకల్ని లేపేస్తుంది. గ్రానైటు పెడదామా అని పెద్దాయన అడిగారు. దాంట్లో క్వార్ట్జ్ ఉంది, అదీ చిట్లుతుంది. మంట కిందా వెనకా ఫైర్‌బ్రిక్ తప్ప ఇంకేదీ పెట్టనని చెప్పాను.

పని

మొదట దూలం. రెండు జాకీలతో కప్పును ఎత్తిపట్టి, మాడిన భాగం దాటి మంచి చేవ దొరికేదాకా కోశాం. కోసిన కొసను పొగగొట్టానికి తగలకుండా అడ్డదూలం మీద, ఇనుప పట్టీలతో కూర్చోబెట్టాం. పొగగొట్టం బయటి ముఖానికీ ఏ కర్రకైనా మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాం. ఆ ఖాళీని కప్పు దగ్గర రేకుతో మూశాం. చెక్కముక్కతోనో థర్మకోల్‌తోనో మూస్తే చేసిన పనంతా దండగ. స్విచ్‌బోర్డును ఎదురుగోడకు మార్పించాం.

ఫైర్‌బ్రిక్ కట్టడం వచ్చిన మేస్త్రి ఎక్కడ దొరుకుతాడని చాలామంది అడుగుతారు. ఇక్కడ అది కష్టం కాదు. కూనూరు చుట్టుపక్కల టీ ఫ్యాక్టరీల్లో ఆకు ఆరబెట్టడానికి కట్టెలతో మండే హీటర్లుంటాయి, వాటి లోపలంతా ఫైర్‌బ్రిక్ లైనింగే. మా మేస్త్రి ఇరవై ఏళ్ళు ఆ పనే చేశాడు. ఇళ్ళు కట్టే మేస్త్రీలు ఇటుకల మధ్య అరంగుళం మాలు పెట్టకపోతే తృప్తిపడరు. ఈయన మాత్రం ఇటుకను ఫైర్‌క్లే (వేడిని తట్టుకునే బంకమట్టి) పలచటి గుజ్జులో ముంచి, పక్క ఇటుకకు ఆనించి సుత్తి పిడితో రెండు దెబ్బలు వేస్తాడు. సందు పావు అంగుళం కన్నా తక్కువ. ఇసుక లేదు, మామూలు సిమెంటు లేదు. 9 × 4½ × 3 అంగుళాల ఇటుకలు కోయంబత్తూరులో బాయిలర్ సామాను అమ్మే కొట్టు నుంచి తెప్పించాం. కొత్త గూటికీ పాత గోడకూ మధ్య అరంగుళం సిరామిక్ బ్లాంకెట్ (వేడిని తట్టుకునే మెత్తటి పీచు దుప్పటి) పరిచాం. ఫైర్‌బ్రిక్ వేడికి పెరిగినా పాత గోడను తొయ్యదు.

గూడు కొలతల దగ్గర పెద్దాయనతో రెండు రోజులు వాదన నడిచింది. పొగగొట్టం లోపల 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం దింపాలని నిర్ణయించాను. రాలిపోయిన సున్నాన్ని పదిహేడు అడుగుల లోతున, తొమ్మిదంగుళాల సందులో మళ్ళీ పూయడం చెయ్యి దూరని పని. అదృష్టం కొద్దీ దారి వంకర లేకుండా నిలువుగా ఉంది. 9 అంగుళాల దారిలో 8 అంగుళాల గొట్టమే పడుతుంది. దాని వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. గుండ్రటి గొట్టమైతే ఫైర్‌ప్లేస్ నోరు దానికి పన్నెండు రెట్లు మించకూడదు, అంటే 600. పాత నోరు 36 × 30, అంటే 1,080. అలాగే ఉంచితే గొట్టం అంత పొగ మింగలేదు, హాల్లోకి కక్కుతుంది. 28 × 21కి తగ్గించాను, 588 వచ్చింది.

"అంత దర్జా అయిన ఫైర్‌ప్లేస్‌ను అగ్గిపెట్టె చేస్తానంటారేమిటండీ" అని ఆయన బాధ. ఆయన్ను ఒప్పించింది నా లెక్క కాదు, ఫైర్‌ప్లేస్‌ల మీద పరిశోధన చేసిన రమ్‌ఫోర్డ్ దొర పద్ధతి. 1796లో ఆ దొర రాసిన వ్యాసంలోని సూత్రమే ఇప్పటికీ పనిచేస్తోంది. గూడు లోతు తగ్గించి, పక్కగోడలను గదివైపు విచ్చుకునేలా ఏటవాలుగా కట్టి, గొంతును నాలుగంగుళాలకు సన్నం చేస్తే, చిన్న మంటే ఎక్కువ సెగను గదిలోకి కొడుతుంది. పాత లోతైన గూడు వేడిలో ఎక్కువ భాగం ఆకాశానికి పంపేది. ఇటుకలను మాలు లేకుండా పేర్చి ఆకారం చూపించాక, ఆయన ముందు కుర్చీ వేసుకుని కాసేపు కూర్చుని, సరే కట్టండన్నారు.

గొట్టం దింపే ముందు గాజు క్రియోసోట్ వదిలించడానికి మూడు రోజులు పట్టింది. ఇనుప గొలుసుల గుత్తిని కడ్డీకి కట్టి తిప్పుతూ కొట్టించాం. ఆ మూడు రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు, ముక్కులోంచి వారం దాకా మసి వచ్చింది, అంతే. తర్వాత గొట్టాన్ని నాలుగడుగుల ముక్కలుగా పైనుంచి దింపుతూ బిగించి, చుట్టూ ఉన్న సందులో వర్మిక్యులైట్ (వేడిని ఆపే తేలికపాటి ఖనిజపు గుళికలు) నింపాం. బయటి ఇటుకలకు పాయింటింగు డంగుసున్నంతోనే, పాత మెత్తటి ఇటుకకు గట్టి సిమెంటు పట్టిస్తే ఇటుకే పగులుతుంది. మూతి మీద కొత్త గచ్చు, వాన పడకుండా టోపీ, చుట్టూ నిప్పురవ్వలూ గోరింకలూ ఆగేలా జాలి. పొగగొట్టాన్ని ఎత్తు పెంచే బదులు నీళ్ళ ట్యాంకునే ఇంటి అవతలి కొసకు మార్పించాను. మట్టి అడుసు గోడ మీద ఇంకా రెండడుగుల బరువు, కొండగాలి, ఆ ధైర్యం నాకు లేదు.

నోటి మీద కొత్త ఇనుప యాంగిల్ వేసి రెండు కొసల దగ్గర వ్యాకోచానికి సందు వదిలాం. చెక్కనేల కింద ఉన్న ఖాళీ నుంచి గూటి పక్కకు గాలి వచ్చేలా జాలి పెట్టాం. గూటి ముందు ఒక అడుగు మేర ఉన్న రాతి అరుగును 20 అంగుళాలకు పెంచాం. ఇక్కడ మాత్రం కడపరాయే వేశాను, మంట తగలదు, రవ్వలు పడితే ఆరిపోతాయి. మా ఊరివైపు రాయికి ఆ మర్యాద దక్కింది.

సాంబ్రాణి పరీక్ష మళ్ళీ చేశాం. ఇంటావిడ స్వయంగా బీరువా గదిలో నిలబడి వాసన చూశారు, ఏమీ లేదన్నారు. గోడ మీద మరక మాత్రం రంగు వేసినా పైకి తేలుతోంది. ఆ మేర సున్నం పూర్తిగా కొట్టేసి కొత్తగా పూయించాల్సి వచ్చింది.

మూడు వారాలు ఆరనిచ్చాక మొదటి మంట. పుల్లలతో అరగంట, మర్నాడు గంట, ఇలా వారం రోజులు కొద్దికొద్దిగా పెంచాం. తడి ఉన్న కొత్త గూట్లో మొదటి రోజే దుంగలు వేస్తే లోపలి ఆవిరికి ఇటుక పెటిల్లున చిట్లుతుంది. కట్టెలకు ఏడాది ఆరిన వాటిల్ (తుమ్మ జాతి చెట్టు) చీలికలు కుదిర్చాను. పడకగదిలోనూ హాల్లోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టించాను, గాలిలో ఆ వాయువు 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) ఉండి గంట, గంటన్నర గడిస్తే మోగే రకం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇది చదివి ఫైర్‌బ్రిక్ కొనడానికి బయల్దేరకుండా ఒక మాట. అక్కడ చాలా ఇళ్ళలో ఉండేది ఫ్యాక్టరీలో తయారైన రేకు డబ్బా ఫైర్‌ప్లేస్. దాని లోపల ఇటుకల్లా కనిపించేది పలక. అది పగిలితే అదే మోడల్ పలక తెప్పించి మార్చాలి, మాలు పూసి సరిపెట్టకూడదు. ఇల్లు చేతులు మారేటప్పుడు గొట్టం లోపల కెమెరాతో చూపించుకోవడం కూడా అక్కడి పద్ధతే. మా పెద్దాయన బంగళా కొన్నప్పుడు ఎవరూ ఆ పని చేయలేదు.

జనవరిలో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్. "అలారం మోగుతోంది బాబూ, తలుపులు తీసి వరండాలో కూర్చున్నాం." కోటు వేసుకుని పరిగెత్తాను. గూడు బాగానే ఉంది, గొట్టం బాగానే ఉంది. పడుకునే ముందు, వెచ్చదనం గదిలోంచి పోతుందని పెద్దాయన గొంతు దగ్గర రేకు మూత లాగేసి వెళ్ళారు. మంట ఆరింది కానీ బూడిద కింద నిప్పులు కణకణలాడుతున్నాయి. బొగ్గునిప్పులకు పొగ రాదు, వచ్చేదంతా కనపడని గ్యాసే. మూత వెయ్యొద్దని నేను వాళ్ళకు రెండుసార్లు చెప్పాను, కాగితం మీద కూడా రాసిచ్చాను. అయినా పూర్తిగా మూసుకునే మూత పెట్టింది నేనే కదా.

మర్నాడు పొద్దున వెల్డింగు కుర్రాణ్ణి తీసుకెళ్ళి, మూత జారే గాడిలో ఒక బోల్టు అతికించాం. ఇప్పుడు ఎంత గట్టిగా లాగినా అంగుళంన్నర సందు మిగిలిపోతుంది. చలిగాలి కాస్త దిగుతుందని పెద్దాయన ఇప్పటికీ సణుగుతారు. ఆ బోల్టు మాత్రం తీయనివ్వట్లేదు ఇంటావిడ.